ఊకొట్టే వీలున్న కథ: చిన్నపిల్లలకు ఆడియో పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి

విజయవాడలో ఏప్రిల్ సగం దాటిందంటే ఉదయం పది తర్వాత పిల్లలను బయటికి పంపే మాటే ఉండదు. సాయంత్రం ఎండ చల్లబడే దాకా వాళ్ళు ఇంట్లోనే ఉండాలి, చేతికి ఫోను ఇవ్వకూడదు, విసుగూ రాకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదరాలని చూసే తల్లిదండ్రులు ఆడియో కథల వైపు మొగ్గడం సహజం, అది మంచి నిర్ణయం కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్ళ లోపు పిల్లల కోసం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదనీ, ఎంత తగ్గితే అంత మేలనీ చెబుతూనే, కూర్చుని గడిపే సమయంలో పెద్దవాళ్ళు దగ్గరుండి చదివి వినిపించడాన్నీ, కథలు చెప్పడాన్నీ ప్రోత్సహించాయి. ఆడియో కథకు తెర అవసరం లేదు కాబట్టి తెర గురించిన షరతు తీరిపోతుంది. పెద్దవాళ్ళు దగ్గరుండి కథ చెప్పినట్టు ఉండాలన్న రెండో షరతు తీరడం మాత్రం మనం ఎంచుకునే కథ మీద, దాన్ని వినిపించే పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది.

ఈ వ్యాసంలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలను దృష్టిలో పెట్టుకుని, మనకు అందుబాటులో ఉన్న మార్గాలను పోల్చి చూస్తాను. అన్నింటికీ కొలబద్ద ఒక్కటే. మన ఇళ్ళలో కథ చెప్పేటప్పుడు వినేవాళ్ళు ఊకొట్టాలి. ఊకొట్టడం ఆగిపోతే పిల్లవాడు నిద్రపోయాడనో, కథ అర్థం కావడం లేదనో చెప్పేవారికి తెలిసిపోతుంది. రికార్డు చేసిన గొంతుకు పిల్లవాడి ఊ వినపడదు. అయినా ఆ ఊ కోసం చోటు వదిలి చెప్పిన కథకూ, ఊపిరి సలపకుండా చెప్పుకుపోయిన కథకూ వినేవాళ్ళలో కనిపించే తేడా చాలా పెద్దది. ఖరీదు, పేరు, బొమ్మలు, బహుమతులు అన్నీ దీని తర్వాతే లెక్కలోకి రావాలి.

ముందు గొంతును పరీక్షించండి

ఏ కథనైనా పిల్లలకు పెట్టే ముందు మీరు కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు వినండి. కథ పేరును, అట్ట మీది బొమ్మను కాసేపు మరిచిపోయి, చెప్పేవారి వాచకం మీద మాత్రమే దృష్టి పెట్టండి. కళ్ళు, నీళ్ళు, బాణం, కోణం లాంటి మాటలు స్పష్టంగా పలుకుతున్నారా, లేక కళ్ళు కల్లుగా మారిపోతున్నాయా అన్నది మొదట గమనించాలి. మాటలు నేర్చుకుంటున్న వయసులో పిల్లలు విన్నదే పలుకుతారు కాబట్టి ఈ విషయంలో రాజీ పడకూడదని నా గట్టి అభిప్రాయం. తర్వాత విరుపు చూడండి. వాక్యం చివర, పాత్ర మారినప్పుడు, ఏదైనా వింత జరిగినప్పుడు ఒక క్షణం ఆగుతున్నారా? పులి గుహలోంచి బయటికి వచ్చిందన్న మాటకూ, అది ఏం చేసిందన్న మాటకూ మధ్య చిన్న నిశ్శబ్దం ఉంటే నాలుగేళ్ళ పిల్ల అక్కడ తానే ఏదో ఒక మాట అంటుంది. ఆ నిశ్శబ్దాన్ని తబలాతోనో, కీబోర్డు సంగీతంతోనో నింపేస్తే పిల్ల నోరు విప్పదు.

పిల్లల కథ అనగానే గొంతు పీలగా మార్చి, ప్రతి మాటనూ సాగదీసి చెప్పేవారు కొందరుంటారు. మొదటి రెండు నిమిషాలు నవ్వు వస్తుంది గానీ పావుగంటకు పిల్లలే చెవులు మూసుకుంటారు. మద్రాసు రేడియోలో బాలానందం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకున్నారు. పిల్లలకు చెప్పేవారు ఇంటి మనుషుల్లా వినపడాలన్న పట్టింపు ఆ పిలుపులోనే ఉంది. మీరు ఎంచుకునే గొంతు కూడా మీ ఇంటికి వచ్చిన పిన్నిలాగో, బాబాయిలాగో వినపడుతోందా అని ఆలోచించుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

యంత్రం చదివిన కథలు ఇప్పుడు విపరీతంగా పెరిగాయి. వాటిలో కొన్నింటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఏడుపు వచ్చే చోటా, నవ్వు వచ్చే చోటా స్వరం ఒకే ఎత్తులో ఉంటుంది, ఊపిరి తీసుకున్న చప్పుడు ఎక్కడా వినపడదు, ప్రశ్న అడిగిన వాక్యం మామూలు వాక్యంలా ముగుస్తుంది. చదవడం వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లవాడు పాఠం వినడానికి అలాంటి గొంతు పనికి రావచ్చు. మూడేళ్ళ పిల్లకు మాత్రం పెట్టకండి.

ఒక్క మనిషి చెప్పే కథ మంచిదా, పది గొంతులతో నాటకంలా చేసినది మంచిదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం శ్రవ్యనాటకాలకు పేరు తెచ్చుకున్నది. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నాటకం విన్న తరం ఇప్పుడు తాతయ్యలు, నాయనమ్మలు అయ్యారు. అందుకే వాళ్ళకు నాటకమే గొప్పగా అనిపిస్తుంది. పిల్లల దగ్గరకు వచ్చేసరికి వయసును బట్టి చూడాలి. ఐదేళ్ళ లోపు వాళ్ళకు ఎవరు మాట్లాడుతున్నారో గొంతును బట్టి పోల్చుకుంటూ కథను కూడా పట్టుకోవడం భారమవుతుంది, కాబట్టి ఒక్క గొంతే మేలు. ఆరేళ్ళు దాటాక నాటకం రుచి తెలుస్తుంది. అప్పుడు తలుపు కిర్రుమన్న చప్పుడును బట్టి వచ్చింది దొంగ అని పిల్లవాడే ఊహించగలుగుతాడు.

నిడివి, భాష, కథ స్వభావం

నిడివి విషయంలో పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ వారి ఉచిత కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో ఉన్న స్థాయిల విభజన మంచి ఆధారం. అక్కడ మొదటి స్థాయి కథలు దాదాపు 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది అంతకు మించి ఉంటాయి. తీరిగ్గా చెబితే మొదటి స్థాయి కథ రెండు మూడు నిమిషాలు, రెండోది ఐదారు నిమిషాలు, మూడోది పావుగంట పడుతుంది. మూడు నాలుగేళ్ళ వాళ్ళకు ఐదు నిమిషాల లోపు కథ, ఐదు ఆరేళ్ళకు పది పదిహేను నిమిషాలు, ఏడేళ్ళు దాటాక రోజుకో భాగంగా సాగే పెద్ద కథ అనుకోవచ్చు. అరగంట కథ ఇస్తే అరగంట ఊరుకుంటారన్నది పెద్దవాళ్ళ ఆశ మాత్రమే. ఐదు నిమిషాల కథనే ఆరుసార్లు విననివ్వండి. చిన్నపిల్లలు విన్నదే మళ్ళీ వింటామని అడగడం మొండితనం కాదు. ముందు జరగబోయేది తమకు తెలుసన్న ధైర్యంతో వాళ్ళు రెండోసారి మాటలను, మూడోసారి కారణాలను పట్టుకుంటారు. అందువల్ల వెయ్యి కథలున్న చోటు కన్నా మంచి కథలు ముప్ఫై ఉన్న చోటు నాకు విలువైనది.

కథ స్వభావం గురించి ఒక్క ఉదాహరణ చెబుతాను. ఏడు చేపల కథ మనందరికీ తెలిసినదే. ఎండని చేప దగ్గర మొదలై, ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటూ చీమ దాకా సాగే ఆ ప్రశ్నల గొలుసులో రెండో ప్రశ్నకే పిల్లలు చెప్పేవారితో గొంతు కలుపుతారు. ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ఉన్న కథలు వినడానికి పుట్టిన కథలు. బొమ్మల మీద ఆధారపడిన కథను గొంతుతో చదివితే అందులో సగం పోతుంది. కాబట్టి పుస్తకంగా బాగున్నదల్లా ఆడియోగా బాగుంటుందని అనుకోకండి. పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడి కథలు, పరమానందయ్య శిష్యుల కథలు దాదాపు ప్రతి చోటా దొరుకుతాయి. వాటిలోనూ కొన్ని చెప్పినప్పుడు దెబ్బలు, శిక్షలు, మోసపోయినవాళ్ళను ఎగతాళి చేయడం ఎక్కువగా ఉంటాయి. నిద్రకు ముందు వినిపించేది ముందుగా మీరు పూర్తిగా విన్నదే అయి ఉండాలి.

మాండలికం గురించి కూడా చెప్పాలి. కృష్ణా, గుంటూరు ఇళ్ళలో పెరిగే నాలుగేళ్ళ పిల్లకు మొదట ఇంట్లో వినే నుడికారంలో ఉన్న కథే సులువు. ఐదారేళ్ళు వచ్చాక తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర గొంతులతో చెప్పిన కథలు కావాలని వెతికి పెట్టండి. తెలుగు ఎంత విశాలమైనదో చెవితోనే తెలియాలి. గ్రాంథికంలో నడిచే కథలను ఏడేళ్ళ దాకా ఆపవచ్చు.

ఎక్కడ వెతకాలి

అందరూ మొదట వెళ్ళేది యూట్యూబ్‌కే. ఖర్చు లేదు, కథలకు కొదవ లేదు. కానీ అది చూడడానికి చేసిన చోటు. చందా కట్టకపోతే ఫోను తెర ఆపగానే కథ ఆగిపోతుంది, మధ్యలో ప్రకటన వచ్చి పిల్ల ఉలిక్కిపడుతుంది, ఒకటి అవగానే ఇంకోటి తనంతట తానే మొదలవుతుంది. ఒకవేళ అదే వాడాలనుకుంటే ఆటోప్లే ఆపి, ఫోనును బోర్లా పెట్టి, స్పీకరు ద్వారా వినిపించండి. ఊకొట్టే పరీక్షలో ఇక్కడి కథలు ఎక్కువగా తప్పుతాయి. బొమ్మ కదులుతుంటుంది కాబట్టి చెప్పేవారికి నిశ్శబ్దం అవసరం అనిపించదు.

చందా తీసుకుని వినే యాప్‌లు రెండో మార్గం. తెలుగు ఆడియో పుస్తకాల కోసమే ఉన్న దాసుభాషితం ఒక వైపు, అనేక భాషలతో పాటు తెలుగునూ అందించే స్టోరీటెల్, కుకూ ఎఫ్ఎం లాంటివి మరో వైపు ఉన్నాయి. వీటిలో చదివేవారి ఎంపిక, శబ్దం నాణ్యత సాధారణంగా మెరుగ్గా ఉంటాయి, ప్రకటనల బెడద తగ్గుతుంది, నిద్రవేళకు టైమరు పెట్టుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసి నెట్ లేనప్పుడూ వినవచ్చు. అయితే ఈ యాప్‌లలో ఎక్కువ భాగం పెద్దవాళ్ళ నవలలు, నేర కథలు. డబ్బు కట్టే ముందు ఉచితంగా వినే వ్యవధిలో పిల్లల విభాగంలోకి వెళ్ళి, తెలుగులో ఉన్నవి మాత్రమే లెక్కపెట్టండి. అన్ని భాషలూ కలిపి చూపే సంఖ్య మీకు పనికిరాదు. పిల్లల కోసం విడిగా తాళం వేసుకునే ఏర్పాటు ఉందో లేదో చూడండి. స్టోరీటెల్‌లో కిడ్స్ మోడ్ ఉంది. ఏడాది చందా చవక అనిపించినా, మొదట ఒక నెలకే తీసుకోవడం మంచిది. ఉచిత వ్యవధి ముగిసిన రోజున డబ్బు తనంతట తాను పోకుండా ఆటోపే ఆపుకోవడం మరిచిపోకండి.

స్టోరీవీవర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2015లో మొదలైన ఈ వేదికలో తెలుగు సహా అనేక భాషల పిల్లల కథలు ఉచితంగా ఉన్నాయి. కొన్నింటికి గొంతు కూడా జత చేశారు, చదువుతుంటే తెర మీద మాట వెలుగుతుంది. అక్షరాలు కూడబలుక్కుంటున్న ఒకటో తరగతి పిల్లలకు ఇది చాలా ఉపయోగం. తెర ఉంటుంది కాబట్టి మూడేళ్ళ వాళ్ళకు నేను దీన్ని నేరుగా సూచించను. దీని అసలు విలువ మరోటి ఉంది. ఇక్కడి కథలు సాధారణంగా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటాయి. రచయిత, చిత్రకారుల పేర్లు చెప్పి మీరే చదివి రికార్డు చేసుకోవచ్చు, బంధువులకు పంపుకోవచ్చు, బడిలో వినిపించవచ్చు. హక్కులు తీరని మిగతా పుస్తకాలను రికార్డు చేసి పదిమందికీ పంపడం హక్కుల ఉల్లంఘన అవుతుంది.

రేడియో ఖర్చు లేనిది, ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రాన్ని ఎక్కడినుంచైనా వినవచ్చు. కాకపోతే వేళ మన చేతిలో ఉండదు, మళ్ళీ వినాలన్నా కుదరదు. కుటుంబమంతా కలిసి వినడానికి బాగుంటుంది.

ఇంట్లో చేసుకునే కథలు

పై వాటన్నింటి కన్నా నేను ముందు పెట్టేది దీన్ని. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక అమ్మమ్మ, విజయవాడ పటమటలో ఉండే నాలుగేళ్ళ మనవరాలి కోసం కథలు ఫోనులో చెప్పి పంపుతారు. ఆ పిల్ల వినేటప్పుడు దగ్గర కూర్చుని చూశాను. నక్క ద్రాక్షతోట దగ్గరకు వచ్చిందని చెప్పి అమ్మమ్మ ఆగి, "ఏం చేసిందే బంగారం?" అని అడుగుతారు. పిల్ల స్పీకరు వైపు తిరిగి, "ఎగిరింది అమ్మమ్మా! అందలేదు!" అంటుంది. నాలుగైదు క్షణాల తర్వాత గొంతు, "ఆఁ, అందలేదు" అని కథను ముందుకు నడుపుతుంది. ఎంత ఖరీదైన స్టూడియోలోనూ ఆ పిల్ల కోసం ఆ నాలుగు క్షణాలు ఎవరూ వదలరు.

దీనికి సామాను అక్కర్లేదు గానీ కొంచెం జాగ్రత్త కావాలి. సీలింగు ఫ్యాను ఆపాలి, ఎందుకంటే చెవికి అలవాటైన ఆ గాలి చప్పుడు రికార్డులో హోరుగా వినిపిస్తుంది. తెల్లవారుజామున, కూరగాయల బండ్ల మైకులు, కుక్కరు కూతలు మొదలు కాకముందే కూర్చుంటే మంచిది. బట్టల బీరువా, పరుపు ఉన్న గదిలో గొంతు ప్రతిధ్వనించదు. ఫోనును మడత పెట్టిన దుప్పటి మీద, నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచితే ప, బ, భ పలికినప్పుడు గాలి తగలదు. చూసి చదవడం కన్నా కథను ముందు మనసులో పెట్టుకుని చెప్పడం మేలు. ఒక్కో కథ ఐదు నిమిషాలు దాటనివ్వకండి, తప్పు పలికితే ఆపకుండా ఆ వాక్యాన్ని మళ్ళీ చెప్పమనండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా కాకుండా ఫైలును డాక్యుమెంటుగా పంపితే శబ్దం నాణ్యత తగ్గదు. ఆ కథల మరో ప్రతిని ఫోనులో కాకుండా వేరే చోట కూడా దాచుకోండి.

దీనికి ఉన్న లోటు కొత్త కథలు త్వరగా అయిపోవడం. తాతయ్యకో, మేనత్తకో కూడా తలా రెండు కథలు అప్పగిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఇంగ్లీషు కథలు, వినే పరికరం

ఇంగ్లీషు మీడియం బడిలో వేస్తున్నాం కాబట్టి ఇంగ్లీషు కథలే పెడతామని చాలామంది అంటారు. బడి మొదలైన కొత్తలో పిల్లలకు రోజంతా అర్థం కాని మాటలే వినపడుతుంటాయి. ఇంటికి వచ్చాక కూడా అదే వినిపిస్తే కథ కూడా పాఠమైపోతుంది. ఆరేళ్ళ దాకా తెలుగు కథలే ప్రధానంగా ఉండనివ్వండి. ఇంగ్లీషు కథ పెట్టినప్పుడు అదే కథ బొమ్మల పుస్తకం చేతిలో ఉండాలి. జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో అలాంటి బొమ్మల పుస్తకాలను పిల్లలచేతనే ఏరించవచ్చు. 2005 నుంచి స్వచ్ఛంద పాఠకులు చదివి ఉచితంగా ఇస్తున్న లిబ్రివాక్స్‌లో హక్కులు తీరిన పాత పుస్తకాలు ఉంటాయి. ఆ ఇంగ్లీషు పాతది, చదివేవారి యాస మనిషికో తీరుగా ఉంటుంది, కాబట్టి ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకు అది సరిపడదు.

వినిపించడానికి ఫోనే ఉండాలని లేదు. మెమరీ కార్డు పెట్టుకునే చిన్న స్పీకరు ఏ సెల్‌ఫోన్ దుకాణంలోనైనా దొరుకుతుంది. సెకనుకు 64 కిలోబిట్ల ఎంపీ3 ఫైలు గంటకు 29 ఎంబీ మాత్రమే అవుతుంది. నాలుగు జీబీ కార్డులో 130 గంటలకు పైగా కథలు పడతాయి. వీడియో రూపంలో అదే గంట కథకు పది రెట్లు మించి డేటా ఖర్చవుతుంది. కథలను డౌన్‌లోడ్ చేసుకునే యాప్‌లలో చాలావాటి ఫైళ్ళు బయటికి తీయడానికి వీలు కాదు, వాటిని బ్లూటూత్ ద్వారా స్పీకరుకు పంపాలి. ముందే కథలు నింపి అమ్మే పిల్లల ప్లేయర్లు కొనాలనుకుంటే, అందులో తెలుగు ఎంత ఉందో డబ్బా మీద చదివి, దుకాణంలోనే ఒక కథ పెట్టించుకుని విన్న తర్వాతే తీసుకోండి.

చిన్నపిల్లలకు ఇయర్‌ఫోన్లు వద్దు. పిల్లల విషయంలో 75 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకే వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి పెట్టిన ప్రమాణం చెబుతుంది. మామూలు మాటల శబ్దం 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. గుంటూరు వెళ్ళే బస్సులో ఇంజను హోరును దాటి కథ వినపడాలంటే మనకు తెలియకుండానే శబ్దం పెంచేస్తాం, పిల్ల చెవికి అది నేరుగా తగులుతుంది. బస్సులో మీరే చెప్పండి. చూపు లేని పిల్లలు, అచ్చు పుస్తకం చదవడం కష్టమైన పిల్లలు ఉన్న ఇళ్ళవాళ్ళు 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో సభ్యత్వం కోసం ప్రయత్నించాలి. అక్కడి పుస్తకాలు వాళ్ళకు వీలైన రూపాల్లో సిద్ధం చేసినవి.

ఇప్పుడు ఎవరికి ఏది అన్నది చెబుతాను. ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో కథలు చెప్పగలిగిన వాళ్ళు ఉంటే రికార్డు చేసిన పది కథలు, ఒక చిన్న స్పీకరు చాలు, ఐదేళ్ళ దాకా చందా అక్కర్లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళి, పిల్లను చూసుకునే ఆయాకు ఫోను వాడడం రాని ఇళ్ళలో మెమరీ కార్డు స్పీకరే సరైనది, అందులో కథల వరుస మీరు ముందే సిద్ధం చేసి ఉంచాలి. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లకు స్టోరీవీవర్, ఏడెనిమిదేళ్ళ పిల్లవాడికి వేసవి రెండు నెలలకు ఏదో ఒక యాప్ చందా. బళ్ళు తెరిచాక ఆ చందాను కొనసాగించాలా వద్దా అన్నది జూన్ మొదటి వారంలో వాడినే అడిగి, విన్న కథల్లో రెండు మీకు తిరిగి చెప్పించుకున్నాక తేల్చుకోండి.